దాణాలో ఎంజైము పొడి ఎవరికి అవసరం?

కోళ్ళు బరువు రావడం లేదని పశువుల మందుల దుకాణంలో చెబితే చాలు, ఎంజైము పొట్లం ఒకటి చేతిలో పెట్టడం మామూలైపోయింది. ఆ పొడి అమృతమని కొందరు, ఉత్త మోసమని కొందరు వాదించుకుంటున్నారు. రెండూ నిజం కావు. ఖమ్మం మైదానంలో వందల కోళ్ళను కట్టడిలో పెంచే రైతుకూ, భద్రాచలం అడవి అంచున వాకిట్లో పది పెట్టలు పెంచుకునే కోయ ఇల్లాలికీ ఒకే పొట్లం అంటగట్టడమే అసలు తప్పు.

ముందుగా ఈ పొడి చేసే పని తెలుసుకోవాలి. ధాన్యపు గింజలో భాస్వరం ఉన్నది. కాని అందులో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే రూపంలో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పే ఎంజైము కోడి కడుపులో చాలినంత ఉండదు. కనుక మేతలోని భాస్వరం రెట్టలో కలిసిపోతుంది, ఎముక బలానికని రైతు మళ్ళీ డబ్బు పెట్టి డి.సి.పి. పొడి కొంటాడు. ఆ ముడిని విప్పేదే ఫైటేజ్. బూజు వంటి సూక్ష్మజీవుల నుంచి తీసే ఈ ఎంజైము 1991లో నెదర్లాండ్స్‌లో మొదట అమ్మకానికి వచ్చింది. పశువుల పెంటలోని భాస్వరం నీటిని పాడు చేస్తున్నదని అక్కడ గగ్గోలు పుట్టిన రోజులవి. ఇది హార్మోను కాదు, యాంటీబయోటిక్ కాదు. తినేవారు భయపడవలసిన పని లేదు.

మన ప్రాంతంలో వరి మిల్లులు ఎక్కువ. నూకలు, తవుడు దగ్గరలోనే దొరుకుతాయి. తవుడులోని భాస్వరంలో ముప్పాతిక వంతుకు పైగా ఫైటేటే. కనుక మొక్కజొన్న, నూకలు, తవుడు, సోయా చెక్క సొంతంగా కలుపుకునే రైతుకు ఫైటేజ్ నిజంగా పనికి వస్తుంది. అయితే ఒక షరతు. పొడి వేసినప్పుడు డి.సి.పి. తగ్గించాలి. కిలో మేతకు 500 యూనిట్లు పడేలా వేస్తే క్వింటాలు దాణాలో సుమారు అర కిలో డి.సి.పి. మిగులుతుందని లెక్క. డి.సి.పి. పాత కొలతనే పోస్తూ పైన ఈ పొడి కూడా చల్లే రైతుకు ఖర్చు రెండింతలు, లాభం దుకాణదారుకు. సున్నపురాయి పొడి అవసరానికి మించి పోసినా ఫైటేజ్ పని మందగిస్తుంది.

కలిపే తీరు కూడా ముఖ్యమే. గ్రాముకు 5000 యూనిట్లు ఉన్న సరుకు క్వింటాలు దాణాకు కావలసింది 10 గ్రాములే. అంటే రెండు చెంచాల పొడి! దానిని కుప్ప మీద చల్లి పారతో తిరగేస్తే ఒక కోడికి అంతా అంది, మరో కోడికి ఏమీ అందదు. ముందు కిలో తవుడులో, ఆ తవుడును పది కిలోల పిండిలో, ఆ తర్వాత మొత్తం మేతలో కలపాలి. ఎంజైము మాంసకృత్తు జాతిది, వేడి తగిలితే చెడుతుంది. పొగలు కక్కే ఉడికిన నూకలలో వేస్తే ఆ డబ్బు గంగపాలే. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ఎండలకు రేకుల షెడ్డులో ఉంచిన పొట్లం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

జైలనేజ్, గ్లూకనేజ్ అని పొడుగు పేర్లు రాసి ఎక్కువ ధర చెప్పే పొట్లాల విషయంలో జాగ్రత్త వహించాలి. ఇవి ముఖ్యంగా గోధుమ, బార్లీ మేపే దేశాలకు పుట్టినవి. ఆ గింజలలోని పీచు కోడి పేగులో జిగురు కట్టి మేత అరగనివ్వదు. మన మొక్కజొన్నలో, జొన్నలో ఆ జిగురు బాధ బహు తక్కువ. ఎథనాల్ తీయగా మిగిలిన గింజ పిప్పి ఇప్పుడు దాణాలోకి వస్తున్నది. దానిలో పీచు ఎక్కువ కనుక అది వాడేవారికి ఇవి కొంత ఉపయోగపడవచ్చు. కాని పిండి పోయి మిగిలిన ఆ పిప్పిలో బూజు విషం కూడా దాదాపు మూడింతలు చిక్కబడుతుంది. ఆ విషాన్ని విరిచే శక్తి ఫైటేజ్‌కూ లేదు, జైలనేజ్‌కూ లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చింది వేరుశనగ చెక్కలోని ఇటువంటి విషంతోనే. తేమ ఆరని మొక్కజొన్నను గోనెల్లో తొక్కి ఉంచే రైతు మొదట కొనవలసింది పొట్లం కాదు, ఎండబోసుకోవడానికి మంచి టార్పాలిన్ పట్టా.

ఇక వాకిలి కోళ్ళ మాట. చెదలు, పురుగులు, గడ్డి గింజలు ఏరుకు తిని సాయంత్రం గుప్పెడు నూకలకు గూటికి చేరే నాటు పెట్టకు ఈ పొడి అనవసరం. హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు కూడా పెరడు పెంపకానికి ఉద్దేశించినవే. పిల్లలుగా ఉన్న మొదటి వారాలలో మంచి మేత, కొక్కెర తెగులు టీకా, గుడ్లు పెట్టే పెట్టకు గుల్ల పొడి ఇస్తే చాలు. ఆ పొట్లం డబ్బుతో టీకాలు వేయిస్తే గూడు ఖాళీ కాకుండా ఉంటుంది.

కంపెనీకి కోళ్ళు పెంచి ఇచ్చే రైతుకు దాణా కంపెనీయే పంపుతుంది. ఆయన పైన వేరే పొడి కలపడం దండగ.

చదువు అంతంతమాత్రమైన గూడేలకు ఇంగ్లీషు అక్షరాల పొట్లం పంపి, ఎంత వేయాలో దుకాణదారు నోటిమాటకు వదిలేయడం న్యాయం కాదు. గ్రాముకు ఎన్ని యూనిట్లు, డి.సి.పి. ఎంత తగ్గించాలి, ఏ తేదీ దాటితే పనికిరాదు అన్న మూడు సంగతులు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పశుసంవర్ధక శాఖ, భద్రాచలం ఐ.టి.డి.ఎ. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించి, సొంతంగా దాణా కలుపుకునే వారికి క్వింటాలుకు సరిపడే చిన్న పొట్లాలు అందించాలి. అవి వచ్చేవరకు రైతులు పొట్లం మీద యూనిట్ల లెక్క లేని సరుకును తిప్పి ఇచ్చివేయవచ్చు.