ఒకే బొమ్మ, ఎన్ని ఆటలు?

పోకెమాన్ స్ప్రైట్లు వదిలేసి త్రీడీకి పోయి చెడిపోయిందా అని హాస్టల్లో వాదన మొదలైతే మెస్ మూసేదాకా తెగదు. "చేసిన మోడల్‌నే మళ్లీ మళ్లీ వాడుడు బద్ధకం" అనేది ఎక్కువమంది మాట. నేను ఒప్పుకోను.

వాడిందే వాడటం కొత్తేం కాదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో పైన మబ్బు, కింద పొద ఒకటే బొమ్మ, రంగే వేరు. 2000లో వచ్చిన జెల్డా 'మజోరాస్ మాస్క్' రెండేళ్ల ముందటి ఆటలోని మోడళ్లనే తెచ్చుకుంది. అట్లా మిగిలిన శ్రమతో, మూడు రోజుల్లో చంద్రుడు మీద పడబోయే కొత్త లోకాన్ని కట్టింది. రాసిన ఫంక్షన్‌నే మళ్లీ కాల్ చేస్తే ల్యాబ్‌లో మనల్ని ఎవరూ తిట్టరు కదా!

మన దగ్గరా రెండు పద్ధతులూ ఉన్నాయి. చేర్యాల పటంలో ప్రతి ఘట్టానికీ మనిషిని మళ్లీ గీయాల్సిందే. అది స్ప్రైట్. కీళ్లు కట్టిన తోలుబొమ్మను ఒకసారి చేస్తే ఎన్ని ఆటలైనా ఆడించొచ్చు. అది మోడల్. రెండూ కళలే. కాకపోతే తోలుబొమ్మకు ప్రాణం ఆడించేవాడి చేతుల్లో ఉంటుంది.

పోకెమాన్‌లో తప్పింది అక్కడే. 2013లో ఎక్స్, వై ఆటలతో ప్రధాన సిరీస్ త్రీడీ మోడళ్లకు మారింది. జాటు అనే పక్షిని చూడండి. రోజంతా కదలకుండా నిలబడుతుందని ఆటలోనే రాసుంటుంది. స్ప్రైట్‌లో రెక్కలు ముడుచుకుని అట్లాగే నిలబడేది. మోడల్ అయ్యాక మిగతా పక్షుల్లాగే రెక్కలు కొడుతూ గాల్లో ఉంటుంది. గీసేవాడికి దొరికేది ఒకటో రెండో భంగిమలు, స్వభావమంతా వాటిలోనే పెట్టాలి. మోడల్‌కు ఎన్ని భంగిమలైనా ఇవ్వొచ్చు, అందుకే అందరికీ సరిపోయేదొకటి ఇచ్చేసి ఊరుకుంటారు. 2019లో స్వోర్డ్, షీల్డ్‌లో పాత జీవులన్నిటికీ చోటు లేదన్నప్పుడు అభిమానులు అడిగిందీ ఇదే: మోడళ్లు వాడుకుని మిగిల్చిన శ్రమ ఎటు పోయినట్టు?

ఇదంతా మనకెందుకంటారా? నాది గోలేటి. సింగరేణి మీద చిన్న గేమ్ చేద్దామని మేం ముగ్గురం ఉచిత మోడళ్లు వెతికాం. గని కార్మికుడంటే గుబురు గడ్డం, భుజాన పికాసు ఉన్న తెల్లవాడే దొరికాడు. టోపీకి లైటు, చేతిలో సద్దిగిన్నెతో మొదటి షిఫ్టుకు పోయే మా బాపులాంటి మనిషి ఎక్కడా లేడు. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన తాతల సంగతి సరేసరి. ఎవరూ ఒక్కసారైనా చేయనిదాన్ని మళ్లీ ఎట్లా వాడుకుంటాం?

అందుకే మన క్లబ్‌లో గేమ్ చేసేవాళ్లకు నా మాట ఒక్కటే. డంపర్లు, చెట్లు, రోడ్లు రెడీమేడ్‌గా దొరికితే మొహమాటపడకుండా వాడుకోండి. మనిషిని మాత్రం మీరే గీయండి. 16 బై 16 గళ్లలోనైనా పర్వాలేదు. షిఫ్టు దిగిన మనిషి ఎట్లా నిలబడతాడో చూసినవాళ్లం మనమే.