మా నానా నవాబు కాదు

'మీ అసలు ఊరేది?' అని మమ్మల్ని అడుగుతుంటారు. యాదగిరిగుట్ట అంటే నమ్మరు. గుట్ట మీద నరసింహస్వామి ఉంటే, గుట్ట కింద తురకోళ్ల ఇల్లెందుకుంటుందని అనుమానం. అదే ఢిల్లీ అంటే వెంటనే నమ్ముతారు.

మా అమ్మీ పుట్టి పెరిగిన ఇంటిని ఈ మధ్యే చూసొచ్చాను. కోట లేదు, దేవిడీ లేదు. మట్టిగోడలు, వంగి పోవాల్సిన దర్వాజా, గోడలో ఒక గూడు. అందులో ఖురాన్ ఉండేది. అమ్మీ దాన్ని తాఖ్ అనేది, పక్కింటి అవ్వ గూడు అనేది. పెరట్లో గుర్రాన్ని కట్టేసిన గుంజ ఇంకా ఉంది. రాయగిరి స్టేషన్లో దిగిన యాత్రికుల్ని మా నానా తన జట్కాలో గుట్టకు చేర్చేవాడు. స్వామి దర్శనానికి వచ్చినవాళ్లిచ్చిన కిరాయితోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. మా వారసత్వం ఇదీ.

దీన్ని ఒప్పుకునేదెవరు? కొందరికి మేం రజాకార్లం. మా పక్షాన మాట్లాడే సెక్యులర్ మిత్రులూ నిజాం దగ్గరికే పోతారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గుట్ట దేవాలయానికి 82,825 రూపాయలిచ్చాడని పత్రికల్లో రాస్తారు. మంచిదే. కానీ ఆ రసీదు చూపిస్తేనే మాకు ఈ నేల మీద హక్కొస్తుందా? జట్కా తోలిన చేతులకు రసీదెవరిచ్చారు? ఇక మాలోనే షరీఫులున్నారు. అరబ్బు, ఇరాన్ వంశవృక్షాలు చూపించుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడితే నామోషీ పడతారు.

నల్లగొండ చరిత్రనే అడగండి. అప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో, తన భూమి కోసం కోర్టుకెక్కి విసునూరు దేశ్‌ముఖ్ గూండాల చేతిలో చచ్చిపోయిన షేక్ బందగీ ఏ నవాబు? 1952లో హుజూర్‌నగర్ జనం ఓట్లేసి అసెంబ్లీకి పంపిన మఖ్దూం మొహియుద్దీన్ ఏ జాగీర్దారు? 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఏ లెక్కలో వేస్తారు?

ఈ ఊరి పేరే చూడండి. గుట్టను యాదాద్రి చేశారు. 2016లో కొత్త జిల్లాకూ ఆ పేరే పెట్టారు. జనం నోట్లో మాత్రం అది గుట్టగానే ఉంది. చివరికి 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డే మళ్లీ యాదగిరిగుట్ట అనాలని చెప్పాల్సొచ్చింది. నవాబు, రజాకారు, పరదేశి అన్నవి కూడా మాకు పైనుంచి తగిలించిన పేర్లే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గోడలు కూలకముందే మీ అమ్మీ పుట్టినింటికి పోయి రండి. నానా జట్కా తోలితే జట్కా తోలాడనే రాయండి. దూది ఏకితే దూది ఏకాడనే రాయండి. ఆ తర్వాత, మీ అసలు ఊరేదని అడిగినవాళ్లను, వాళ్ల తాత ఎవరి జట్కా ఎక్కి గుట్టకు పోయాడో అడగండి.