సరుక్కి సీమ చట్టం, కులానికి ఊరి కట్టుబాటు

మాదాపూర్ కంపెనీల్లో యూరపోడి సమాచారం ముట్టుకోవాలంటే యూరప్ చట్టానికి తలొంచాల్సిందే. అప్పుడు ఏ దొరకీ సార్వభౌమాధికారం గుర్తుకు రాదు!

సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే, జూలై 17న, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒప్పందం రోములో ఓటుకొచ్చింది. 120 దేశాలు ఔనన్నాయి. భారత ప్రభుత్వం ఎటూ చెయ్యెత్తలేదు. ఈనాటికీ సంతకం లేదు. భద్రతామండలి పెత్తనం ఒప్పుకోమన్నారు, అంతవరకూ సబబే. కానీ అపార్థీడ్‌ని మానవాళిపై నేరంగా రాసుకున్న ఒప్పందమది. జూలై 17 అంటే మనకు వేరే చెప్పాలా? 1985లో కారంచేడు నెత్తురోడిన రోజు.

2001లో మనోళ్లు కులం గోడు డర్బన్ మహాసభకు మోసుకెళ్తే, అది మా ఇంటి వ్యవహారమంది ఢిల్లీ. సరే, ఇంట్లో న్యాయమేదీ? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో ఈ హైదరాబాదులోనే హైకోర్టు అందర్నీ వదిలేసింది.

రోము ఒప్పందం మనల్ని ఉద్ధరిస్తుందని భ్రమ లేదు. 2002కి ముందటి నేరాల్ని ఆ కోర్టు ముట్టదు. అమెరికావోడూ అందులో లేడు. చాలాకాలం ఆఫ్రికా వాళ్లనే బోనెక్కించింది. అయినా సంతకం పెట్టమని అడుగుదాం. పెట్టనంటే, ఎవర్ని కాయడానికో చెప్పమందాం.