కీలుబొమ్మకి ఆడపేరెందుకు?

"ఇక ఆడపిల్లలు స్టేజీలెక్కి గెంతాల్సిన పనిలేదు, రోబోలొచ్చాయి కదా!" ఈ మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. అంటున్నది సంప్రదాయవాదులైతే పట్టించుకోకపోదును. సెమినార్ల టీ విరామంలో స్త్రీల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళే అంటున్నారు. జాతరల్లో రికార్డింగ్ డాన్సులు పోయి యంత్రాలొస్తే అది సంస్కరణేనట. రాజమండ్రికి ఇది నూరేళ్ళు దాటిన పాత వాదన.

ముందు ఈ వినోద రోబో సంగతి చూద్దాం. పని చేసిపెట్టడానికి కాక, చూసి సరదాపడడానికి, ఆడుకోవడానికి, కబుర్లు చెప్పించుకోవడానికి చేసిన యంత్రమిది. 1999లో సోనీ కంపెనీ 'ఐబో' అనే కుక్కపిల్లని అమ్మకానికి పెడితే, ఒక్కొక్కటి 2,50,000 యెన్లయినా జపాన్‌లో 3,000 బొమ్మలు 20 నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపేసి, 2018లో మళ్ళీ కొత్తది తెచ్చారు. మధ్యలో పాడైపోయిన కుక్కపిల్లలకి అక్కడి ఒక బౌద్ధాలయంలో అంత్యక్రియలు కూడా జరిపారు. అంత ఖరీదైనవి కొద్దిమంది ఇళ్ళకే పరిమితం. బ్యాటరీతో నడిచే చవక రోబో బొమ్మలు మాత్రం మన తీర్థాల్లో బుడగల పక్కనే దొరుకుతున్నాయి.

మన ఫంక్షన్ హాళ్ళలో 'రోబో డాన్స్' అని ఈవెంట్ వాళ్ళు తెస్తున్నది చాలాసార్లు రోబో కాదు. ఒళ్ళంతా ఎల్.ఇ.డి. దీపాలు అతికించిన బరువైన తొడుగు, దాని లోపల చెమటలు కక్కుతూ ఒక కుర్రాడు. పెళ్ళివారు వాడితో సెల్ఫీలు దిగుతారు, మంచినీళ్ళు కావాలా అని అడగరు. రోబోకి దాహమేమిటి! 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో ఈ మాట ప్రపంచానికి పరిచయమైంది. దాని మూలపదానికి అర్థం వెట్టిచాకిరీ. లోపల మనిషి ఉన్నా లేనట్టు చూడగలగడమే మనం ఈ యంత్రం దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం.

ఈ చూపు ఆడవాళ్ళకి కొత్తది కాదు. పెళ్ళిచూపుల్లో "పిల్ల బొమ్మలా ఉంది" అంటే మెచ్చుకోలు. కుందనపు బొమ్మ, పుత్తడి బొమ్మ, నరసాపురంలో పుట్టిన బాపు గీసిన బొమ్మ... ఎన్ని పోలికలో! గురజాడ పూర్ణమ్మని పుత్తడి బొమ్మగానే ముసలివాడికి అమ్మేశారు. మనిషిని బొమ్మ అని మెచ్చుకున్న సమాజం ఇప్పుడు బొమ్మని చేసి ఆడపేరు పెడుతోంది. 2019లో కణ్ణూరులో ఒక హోటల్‌లో వడ్డించే యంత్రాలకి పెట్టిన పేర్లు అలీనా, హెలెన్, జేన్. 2017 అక్టోబరులో సౌదీ అరేబియా సోఫియా అనే రోబోకి పౌరసత్వం ప్రకటించింది. తల మీద ముసుగు లేదు, వెంట మగ సంరక్షకుడు లేడు. ఆ రోజుకి అక్కడి ఆడవాళ్ళకి కారు నడిపే హక్కు ఇంకా అమల్లోకి రాలేదు! 2018 ఫిబ్రవరిలో అదే సోఫియా హైదరాబాద్ ఐటీ సదస్సుకి వచ్చింది. పత్రికలు స్త్రీల హక్కుల గురించి కూడా ఆ బొమ్మనే అడిగాయి.

ఇప్పుడు సంస్కరణ సంగతి. కందుకూరి వీరేశలింగం రాజమండ్రి నుంచి భోగం మేళాల మీద యుద్ధం చేశారు. వితంతు వివాహాల విషయంలో ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆయనే ముద్దుపళని కావ్యాన్ని అసభ్యమన్నారు. దాన్ని 1910లో ప్రచురించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆయనకి గట్టిగానే జవాబిచ్చింది. ప్రభుత్వం మాత్రం పుస్తకాన్ని నిషేధించింది. మురమండ, ముమ్మిడివరం, దువ్వ వంటి ఊళ్ళలో కళావంతుల ఆట ఆగింది. 1947 చట్టం దేవదాసీ సమర్పణలని నిషేధించింది. ఆ చట్టం అవసరం లేదని నేననడం లేదు. చట్టమైనా సంస్కర్తలైనా ఆడినవాళ్ళని దారికి తెచ్చారే గాని చూసినవాళ్ళ జోలికి వెళ్ళలేదంటున్నాను. చదువు, పాట, ఆస్తి చేతిలో ఉన్న స్త్రీ తెరమరుగైంది. చూసేవాడు కుర్చీలోంచి లేవలేదు. వాడి కోసమే తర్వాత రికార్డింగ్ డాన్సు వచ్చింది. ఈసారి ఆడినవాళ్ళు పాట కూడా పాడరు, కేవలం శరీరాలు. సంక్రాంతికి పోలీసులు దాడి చేస్తే పత్రికల్లో పడేది మొహానికి చున్నీ కప్పుకున్న అమ్మాయి ఫోటోయే. కుర్చీలు వేయించిన పెద్దమనిషి ఫోటో ఎప్పుడైనా చూశారా?

ఇప్పుడు ఆ శరీరం కూడా అక్కర్లేదంటున్నారు. బాగుంది. మరి ఆ కూలీ మీద బతికిన కుటుంబానికి ఏం చూపించారు?

2010లో వచ్చిన 'రోబో' సినిమాలో ఒక దృశ్యం నన్ను ఇప్పటికీ వదలదు. మంటల్లోంచి యంత్రం ఒక అమ్మాయిని కాపాడుతుంది. స్నానం చేస్తున్న పిల్ల, ఒంటి మీద బట్టల్లేవు. జనం చూస్తారు, కెమెరాలు చూస్తాయి. ఆమె సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. కథ తప్పు పట్టింది యంత్రానికి మానవ భావాలు తెలియకపోవడాన్ని. కళ్ళప్పగించి చూసిన మనుషులకి ఏ భావాలు నేర్పాలో ఆ సినిమాకి తోచలేదు.

బొమ్మలాటంటే నాకు కోపం లేదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరున్న ఊరు. ఈ ఆటలో బంగారక్క బూతులాడుతుంది, జుట్టుపోలిగాడిని ఉతికేస్తుంది. తెర వెనక ఆ కుటుంబాల ఆడవాళ్ళు కూడా పాడతారు, మాట్లాడతారు. ఆ గొంతు ఎవరిదో ఊరికి తెలుసు. సుసాన్ బెనెట్ అనే అమెరికన్ స్త్రీ 2005లో రికార్డు చేసిన గొంతే 2011లో ఆపిల్ ఫోన్‌లో 'సిరి' అయింది. ఆ సంగతి ఆమెకి ఫోన్ విడుదలయ్యాక స్నేహితులు చెబితే తెలిసింది.

కాబట్టి రోబోలొచ్చాయని సంబరపడే మిత్రుల్ని అడుగుతున్నాను. దానికి ఆడరూపం ఎవరి కోసం తొడిగారు? గొంతు ఎవరిది, ఆమెకెంత ముట్టింది? రికార్డింగ్ డాన్సు ఆపినప్పుడు ఆ ట్రూపులో పిల్లల్ని పిలిచి ఒక్కమాటైనా అడిగారా? సంక్రాంతి కేసుల్లో కుర్చీలవాళ్ళ పేర్లు ఎన్నున్నాయి? ఇవి తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు, అమలాపురం కోర్టు వరండాలో ఒక పూట కూర్చుంటే చాలు.