‘చూసుకునే పనే కదా’ అంటే సరిపోదు

‘ముసలివాళ్లను చూసుకునే పనే కదా, దానికి ట్రైనింగ్ ఎందుకు?’ డిమెన్షియా ఉన్నవారి కోసం నడిపే కేర్ సెంటర్‌లో ఉద్యోగమొచ్చిందని చెప్పి చూడండి, ఇంట్లో వినిపించే మొదటి మాట ఇదే. ఇంట్లోవాళ్లను అనీ లాభం లేదు. మనుషుల్ని తీసుకునే కొన్ని సెంటర్లదీ అదే ఆలోచన.

ఒక సాయంత్రం డ్యూటీ ఊహించుకోండి. ఎనభై ఏళ్ల పెద్దాయన తలుపు దగ్గర నిలబడి, ‘గేదెలు ఇంటికొచ్చే వేళయింది, నన్ను పోనీయండి’ అంటున్నారు. ఆ గేదెల్ని అమ్మేసి ముప్పై ఏళ్లయింది. ఆ మాట చెప్పి నచ్చజెప్పబోతే కోపం రెట్టింపవుతుంది. పని తెలిసినవాళ్లు వాదించరు. ‘ఎన్ని గేదెలు తాతగారూ, పాలు బాగా ఇచ్చేవా?’ అంటూ పక్కనే నాలుగడుగులు నడుస్తారు. నడుస్తూనే గమనిస్తారు: బాత్రూంకి వెళ్లాలా, ఎక్కడైనా నొప్పా, పొద్దుటి నుంచి నీళ్లు తాగారా? నోటితో చెప్పుకోలేని బాధ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తికమకపడితే జబ్బు ముదిరిందనుకోనక్కర్లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దాన్ని ముందు కనిపెట్టగలిగేది వారానికోసారి వచ్చే డాక్టర్ కాదు, రోజూ స్నానం చేయించే మీరు.

యాస కూడా ఇక్కడ పనికొచ్చే విద్యే. చాలామందికి తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్, హిందీ ముందు జారిపోతాయి. చిన్నప్పటి మాట మిగులుతుంది. శ్రీకాకుళం పెద్దావిడతో శ్రీకాకుళం మాట మాట్లాడే పిల్ల దొరికితే ఆ రోజు అన్నం తినిపించడం సులువవుతుంది.

ఈ పని చేతకాని చోట, మనుషులు చాలని చోట, మాత్రే అటెండర్ అవుతుంది. సైకోసిస్‌కు వాడే మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కొందరికి డాక్టర్ పర్యవేక్షణలో ఆ మందులు తప్పకపోవచ్చు. సిబ్బంది కొరతకు మాత్రం అవి మందు కాదు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ–డాడ్ అధ్యయనం అంచనా. ఎక్కువమంది ఇళ్లలోనే ఉన్నారు. కూతురో కోడలో ఉద్యోగం మానేసి చూసుకుంటోంది. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇళ్లు సెంటర్ల వైపు చూస్తున్నాయి. కాబట్టి ఉద్యోగాలు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. ఎలాంటి ఉద్యోగాలన్నదే ప్రశ్న. జపాన్‌లో ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసాపై కేర్‌గివర్‌గా చేరాలంటే జపనీస్ భాషతో పాటు సంరక్షణ నైపుణ్య పరీక్షా పాసవ్వాలి. ఇక్కడ అదే పనికి ‘పక్కవాళ్లను చూసి నేర్చుకో’ అంటే ఎలా? సెంటర్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే శిక్షణ ఎన్ని వారాలు, రాత్రి ఎంతమంది ఉంటారన్నది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అడగాలి. అదయ్యాకే జీతమూ పెరుగుతుంది.

అంతవరకూ ఇంటర్వ్యూలో మీరే అడగండి. రాత్రి డ్యూటీలో ఒక్కొక్కరి మీద ఎంతమంది? శిక్షణ ఎవరిస్తారు? కోపంలో ఆయన చెయ్యి చేసుకుంటే నేనేం చేయాలి, ఎవర్ని పిలవాలి? ‘ముందు చేరండి, తర్వాత చూద్దాం’ అన్నారంటే ఇంకో సెంటర్ వెతుక్కోండి.