త్రాగునీటి సాకు

ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము అను జంట జలాశయముల నీరు హైదరాబాదు నగరవాసుల దాహమున కిక నక్కరలేదు గనుక వాటిచుట్టు విధించిన కట్టుబాట్లును అక్కరలేదని రాష్ట్ర ప్రభుత్వము నిశ్చయించి, 111వ నంబరు ఉత్తర్వులోని నిషేధములను 2022లో 69వ నంబరు ఉత్తర్వుచే తొలగించినది. కృష్ణా గోదావరీ జలములు నగరమునకు వచ్చినవి. జంట జలాశయముల వంతు నూటికి ఒకటింబావునకు మించదు. ఇక పది కిలోమీటర్ల మేర నిర్మాణముల నాపుట యేల? ఇదీ ఏలినవారి తర్కము. లెక్క నిజమే కావచ్చును. ఆ లెక్కనుండి పిండిన ఫలితార్థము మాత్రము శుద్ధవంచన.

ఈ జలాశయములను కట్టిన దెందులకు? 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, తీరమునగల పేటలను తుడిచిపెట్టి, వేలకొలది జనులను పొట్టబెట్టుకొనిన పిమ్మట, నిజాము ప్రభుత్వము ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఎగువన రెండువందలకు పైబడిన చెరువుల కట్టలు తెగి ఆ జలరాశి యెల్ల నగరముపై బడిన వైనమును పరిశీలించి, వరదను ఎగువనే నిలిపి, నది భరింపగలిగినంతయే క్రిందికి విడువవలెనని ఆయన సూచించెను. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927లో దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరమును వెలసినది ఆ సూచనవలననే. వరదను నిలుపుట వాటి ప్రథమధర్మము, త్రాగునీరు తరువాతిది. కావలివాడు తీరికవేళల తోటకు నీళ్లు పోయుచుండగా, ఇంటికి కుళాయి వచ్చినదని కావలినే మాన్పించు గృహస్థుని తెలివి యిట్టిదే.

నీటి నాణ్యత చెడరాదని 69వ నంబరు ఉత్తర్వు షరతు విధించినది. సంతోషము. తేటనీరు మనుష్యులను ముంచదా? ప్రశ్న నీటి స్వచ్ఛతనుగూర్చి కాదు, అది వచ్చు వేగమునుగూర్చి. మొయినాబాదు, శంషాబాదు ప్రాంతముల చేలలో ఉరుములతో వాన రెండుగంటలు కుండపోతగ కురిసినను, కొంత నేల త్రాగును, కొంత కుంటలలో నిలుచును, మిగిలినది వాగులవెంట నిదానముగ దిగును. ఆ నేలనే విల్లాలతోను సిమెంటు రోడ్లతోను కప్పివేసినచో, ఇంకుటకు చోటులేక, ఆ వాన ఒక్కపెట్టున జలాశయమున బడును. అధికారులు గేట్లెత్తుటకును, దిగువన మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలవారు పిల్లలను చంకనెత్తుకొని మెట్టకు చేరుటకును నడుమ మిగులు వ్యవధియే వారి ప్రాణములు. ఆ వ్యవధి యెంత స్వల్పమో, హిమాయత్‌సాగరము గేట్లెత్తిన 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరము చూచియున్నది. ఏడాదిన్నరకే మఱచిన దెవరు? బస్తీలవారు కారు.

111వ నంబరు ఉత్తర్వు పరిధిలోని 84 గ్రామముల రైతులు పాతికేండ్లుగ తమ భూములకు ధరలేక నష్టపోయిరనుట సత్యము. నగరము వారికి ఋణపడియున్నది, ఆ ఋణమును ఖజానానుండి తీర్పవలసినదే. అయితే ఆ భూములలో ఎన్ని నేటికిని రైతుల పేరనే యున్నవో కూడ ప్రభుత్వము ప్రకటించిన బాగుండును.

69వ నంబరు ఉత్తర్వు ప్రకారము ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, ఒక్క లేఅవుటుకైనను అనుమతి లభించుటకు ముందు, ఎంత నేల కాంక్రీటు క్రిందికి పోయిన ఎంత వాన ఎన్ని గంటలలో జలాశయములకు చేరునో, చాదర్‌ఘాట్ వంతెనక్రింద నది నేడు ఎన్ని క్యూసెక్కులు భరింపగలదో లెక్కగట్టి ప్రజల యెదుట నుంచవలెను. అంతవఱకు 69వ నంబరు ఉత్తర్వును నిలిపివేయవలెను.