దూరపు కొండలు, దగ్గరి చుక్కలు

“దూరపు కొండలు నునుపు” అన్నది తెలుగువారి సామెత. దూరాన ఉన్నదానిని చూచి మోసపోవద్దని పెద్దలు చేసిన హెచ్చరికగా దానిని ఉదహరించడం వాడుక. కాని అందులో మరొక సత్యం కూడ ఇమిడి ఉన్నది. ఆ నునుపుదనం కొండది కాదు, కంటిది. కంటికి కొంత బలం చేకూరిననాడు కొండ తన గరుకుదనాన్ని తానే చెప్పుకుంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల విద్యార్థికి చుట్టూ కనిపించేవి గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, వాటి దిగువన చెరువులు, పైన విశాలమైన ఆకాశం. ఈ మూడింటినీ శ్రద్ధగా చూడటం నేర్పగల పనిముట్టు ఒకటి ప్రతి ఉన్నత పాఠశాలలోను ఉండవలెనని కోరడం అత్యాశ కాదు.

ఆ పనిముట్టు స్పాటింగ్ స్కోపు. ఆకాశ పరిశీలనకై చేసిన దూరదర్శినిలో బొమ్మ తలకిందులుగానో, కుడియెడమలు తారుమారుగానో కనిపించడం సాధారణం. చుక్కకు పైన ఏది, కింద ఏది? కనుక ఖగోళజ్ఞునికి ఇబ్బంది లేదు. కాని చెరువుగట్టున నిలిచిన కొంగను తలకిందులుగా చూచి ఆనందించేవారుండరు. స్పాటింగ్ స్కోపులోని పట్టకాలు బొమ్మను తిన్నగా నిలుపుతాయి. ముందరి కటకం 60 మొదలు 80 మిల్లీమీటర్ల వెడల్పున, పెంపు 20 మొదలు 60 రెట్ల వరకు ఉండటం పరిపాటి.

అంతకంటె పెద్ద దూరదర్శినినే కొనరాదా అని కొందరు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. కాని పాఠశాల నడిచేది పగలు. పగలంతా మూలన నిలిచి, రాత్రికి మాత్రమే పనికివచ్చే వస్తువు కొంతకాలానికి బీరువా పాలవుతుంది. స్పాటింగ్ స్కోపు పగలు పక్షిని చూపి, రాత్రి చంద్రుని చూపుతుంది. హిమాలయాలను దాటి శీతకాలంలో దక్కను చెరువులకు దిగివచ్చే పెద్దబాతుల తలలపై రెండు నల్లని పట్టెలుంటాయి. వాటిని లెక్కించుటకు నీటి అంచు దాకా పోనక్కరలేదు. దగ్గరకు పోతే పక్షి ఎగిరిపోతుంది. దూరాన కూర్చుంటే తన పని తాను చేసుకుంటుంది. చూడదలచినదానిని బెదరించకుండా చూడవలెనన్నది ప్రకృతిశాస్త్రంలోనే కాదు, నాగరికతలోను మొదటి పాఠం.

ఛాయాచిత్రాల మాట కూడ చెప్పవలెను. చేతి ఫోనును ఒక బిగింపుతో కంటి కటకానికి అమర్చితే చిత్రం తీయవచ్చును. వేలు తగిలినంత మాత్రాన బొమ్మ వణుకుతుంది కనుక గట్టి ముక్కాలిపీట, కొన్ని క్షణాలు ఆగి తీసే ఏర్పాటు అవసరం. అట్టి చిత్రం అందంగా లేకపోయినా నష్టం లేదు. తేదీ, వేళ, స్థలం రాసి ఉంచితే అది సాక్ష్యమవుతుంది. ఒకే చెరువును నెలనెలా చిత్రించిన తరగతి సంవత్సరాంతానికి తమ ఊరి చరిత్రలో ఒక పుట రాసినట్లే.

ఇక రాత్రి. గెలీలియో 1610 జనవరి 7న గురుగ్రహం చెంత చిన్న చుక్కలను చూచి, వాటిని అనుసరించి, అవి నాలుగు చంద్రులని తేల్చినది ఇంచుమించు 20 రెట్ల పెంపుతోనే. నేటి సామాన్యమైన స్పాటింగ్ స్కోపు కటకం ఆయన కటకంకంటె మేలైనది. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు అందులో చుక్కల గుంపుగా విచ్చుకుంటాయి. గొల్లకావడి దిగువన మసక వెలుగు కనిపిస్తుంది. పెండ్లిలో పురోహితుడు వధూవరులకు చూపే అరుంధతి వసిష్ఠుని పక్కన స్పష్టంగా నిలుస్తుంది. పెంపును 30 రెట్లకు పైన ఉంచితే వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు! ఈ సంగతి 17వ శతాబ్దంలోనే దూరదర్శినికి తెలిసినది. మన పిల్లలకు మాత్రం ఇంకను తెలియవలసి ఉన్నది.

ఈ నేలకు ఆకాశం కొత్త కాదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో, కృష్ణాతీరాన ముడుమాల వద్ద నిలువురాళ్లున్నాయి. అవి బృహత్‌శిలాయుగపు ప్రజలు నిలిపినవి. అక్కడి ఒక బండపై చెక్కిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నవని పరిశోధకులు గుర్తించినారు. 2025లో ఆ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. కటకం ఎరుగని మనుష్యులు చూచి చెక్కినదానిని, కటకం గలవారు తలయెత్తి చూడకపోవడం చింతింపదగిన విషయం.

భయం సంగతి కూడ ఉన్నది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ మెట్ట ప్రాంతం మీదుగానే సాగినది. ఇబ్రహీంపట్నం సమీపాన ఉన్న జాపాల్ రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు ఆకాశంవైపు చూస్తూండగా, ఎందరో తలుపులు మూసుకొని ఇంటనే కూర్చున్నారు. కటకం లేక కంటితో సూర్యుని చూడరాదన్న భయం న్యాయమైనదే. ముందరి కటకానికి తగిన సౌరవడపోత బిగించనిదే స్పాటింగ్ స్కోపును సూర్యునివైపు తిప్పితే చూపు శాశ్వతంగా పోవచ్చును. కాని జాగ్రత్త వేరు, తలుపు మూసుకొనుట వేరు. ఆ భేదాన్ని బోధించవలసినవాడు ఉపాధ్యాయుడే.

అద్భుతమైన అంతరిక్ష చిత్రాలు ఫోనులోనే దొరుకుతూండగా ఈ శ్రమ ఎందుకని మరొక ఆక్షేపణ. స్కోపులో ఆ రంగులు కనిపించవు. శనిగ్రహం అతి చిన్నదిగా ఉంటుంది. వలయం మనవైపు వాలి ఉన్న సంవత్సరాలలోనే చక్కగా తెలుస్తుంది. ఇది దాచవలసిన మాట కాదు. కాని ఇతరులు చూచినదానిని నమ్మడం ఒకటి, తాను చూచి తెలుసుకోవడం మరొకటి. వంట పుస్తకం చదివినవానికి ఆకలి తీరదు.

కొనేవారు పెంపు అంకెను చూచి భ్రమపడరాదు. పెంపు హెచ్చినకొలది వెలుగు తగ్గుతుంది, వణుకు పెరుగుతుంది. కంటి కటకం ఏటవాలుగా ఉన్నదైతే పొడుగు పొట్టి పిల్లలందరికీ, ఆకాశానికీ అనుకూలం. ఒక్క పాఠశాలకు శక్తి చాలకపోతే రెండు మూడు కలిసి కొనవచ్చును. ఊళ్లలో విద్యుద్దీపాలు పెరిగినకొలది చీకటి తరుగుతున్నది. చీకటి తరిగితే చుక్కలు తరుగుతాయి. కనుక ఆలస్యం తగదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ పనిముట్టు పిల్లల చేతికి అందవలెను. గీతపడిన కటకం కొంత నేర్పుతుంది. తాళం వేసిన కటకం ఏమీ నేర్పదు.